రోలండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్: చిన్న వేదికలకు తగిన ఆంప్

హైదరాబాదులో ఆరుబయట వాయించే గిటారిస్టుకు ధ్వని నాణ్యత కంటే ముందు ప్లగ్‌పాయింట్ ఎక్కడుందన్నదే సమస్య కాబట్టి, 8 ఏఏ బ్యాటరీలతోనూ నడిచే ఈ ఆంప్‌ను (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్‌ను) తప్పక పరిశీలించాలి. సామర్థ్యం 50 వాట్లు. 8 అంగుళాల స్పీకర్లు రెండున్నా బరువు 7.4 కిలోలే కనుక మెట్రోలో కూడా తీసుకువెళ్లవచ్చు, రద్దీ వేళల్లో తప్ప. గిటారుకూ మైకుకూ వేర్వేరు ఛానెళ్లు ఉన్నందున పాడుతూ వాయించేవారికి విడిగా మిక్సర్ (ధ్వనులను కలిపే పరికరం) అక్కరలేదు.

బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక వంటి చోట ఒకరిద్దరు చేసే కచేరీకి ఇది ధారాళంగా సరిపోతుంది. డ్రమ్‌కిట్ తోడైతే మాత్రం నిలవదు. రెట్టింపు వాట్ల ఆంప్ కొన్నా, స్పీకర్లు అదే స్థాయివైతే, శబ్దం పెరిగేది సుమారు 3 డెసిబెళ్లే (చెవికి కొద్దిపాటి తేడా) గనుక, అటువంటి వేదికపై వాట్ల వెంట పడకుండా లైన్ అవుట్ (ధ్వనిని బయటి పరికరానికి పంపే సాకెట్) ద్వారా పీఏకు, అంటే వేదిక సౌండ్ సిస్టమ్‌కు, కలపడమే సరైన పద్ధతి.

లోపల ఛార్జింగ్ బ్యాటరీ అమర్చకపోవడం నా దృష్టిలో ఈ ధరకు తగని పిసినారితనం. పూర్తి శక్తితో వాడితే సెల్స్ త్వరగా దిగిపోతాయి కనుక, రీఛార్జ్ చేసుకోగల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ రెండు సెట్లు ఆంప్‌తోపాటే కొనుక్కోవాలి.