పాత నంబరు, కొత్త నంబరు: లేటెక్ నోట్స్‌లో ఈక్వేషన్ల గొడవ

తీర్పు ముందే చెప్పేస్తాను. లెక్కల క్లాసు నోట్స్ టైప్ చేయడానికి, మనం రాసిన కమాండ్లను పేజీలుగా మార్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌నీ, దానికి తోడుగా ఈక్వేషన్ల వసతులు చేర్చే ఏఎంఎస్‌మ్యాథ్ ప్యాకేజీనీ వదిలే ఉద్దేశం నాకు లేదు. ఏళ్ల తరబడి వాడాక కూడా అదే మాట. కాకపోతే ఈక్వేషన్లకు నంబర్లు వేసే పద్ధతిలో ఒక మెలిక ఉంది. రీసెర్చ్ పేపర్ రాసేవాళ్లకు అది కనిపించదు. ప్రతివారం కొంచెం కొంచెం పెరిగే నోట్స్ రాసేవాళ్లకు మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే తగులుతుంది.

నేను చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక కాలేజీలో ఎమ్మెస్సీ వాళ్లకు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెబుతాను. పిల్లల్లో నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి వచ్చినవాళ్లు బాగానే ఉంటారు. నోట్స్ పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పెడతాను. సగం మంది ఫోన్‌లో చదువుతారు, మిగతా సగం అదే సాయంత్రం జిరాక్స్ తీయించుకుని స్పైరల్ వేయించుకుంటారు. ఒకసారి స్పైరల్ పడిందంటే ఆ కాపీ పరీక్షల దాకా అదే. నేను మర్నాడు సరిదిద్ది కొత్తది పెట్టినా మళ్లీ డబ్బు పెట్టి ఎవరూ తీయించుకోరు, తీయించుకోమనడం న్యాయమూ కాదు.

లేటెక్ గొప్పతనం ఏమిటంటే నంబర్ మనం వేయక్కర్లేదు. ఈక్వేషన్‌కు ఒక లేబుల్ పెట్టి, ఇంకోచోట ఈక్యూరెఫ్ అని ఆ లేబుల్ పిలిస్తే సరైన నంబర్ అదే వచ్చి కూర్చుంటుంది. మధ్యలో కొత్తది చేర్చినా, ఒకటి తీసేసినా మిగతావన్నీ సర్దుకుంటాయి. పేపర్ రాసేటప్పుడు ఇంతకన్నా సుఖం లేదు. నోట్స్ విషయంలో సరిగ్గా ఈ సర్దుకోవడమే ఇబ్బంది. తొమ్మిదో లెక్చర్‌లో ఒక మెట్టు విడమరిచి రాద్దామని ఒక్క ఈక్వేషన్ చేర్చామా, ఆ తర్వాతవన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. క్లాసులో నేను బోర్డు మీద (9.6) అంటాను. వెనక బెంచీ నుంచి "సార్, మా దాంట్లో 9.6 వేరే ఉంది సార్" అని వస్తుంది. చెన్నైలో గేటు మీద పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి రాసి ఉంటాయి చూశారా, నా నోట్స్ కూడా అలాగే తయారవుతాయి.

అందుకే నా సమీక్ష అంతా ఒకే కొలత మీద నడుస్తుంది: ఒకసారి పిల్లల చేతికి వెళ్లిన నంబర్ కదలకుండా ఉండటానికి ఏది సాయపడుతుంది, ఏది చెడగొడుతుంది.

బాగా సాయపడింది నంబర్‌వితిన్ అనే ఏఎంఎస్‌మ్యాథ్ కమాండ్. ఈక్వేషన్ లెక్కను సెక్షన్‌కు కట్టేస్తుంది, ప్రతి కొత్త సెక్షన్‌లో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. నేను ఒక్కో లెక్చర్‌ను ఒక్కో సెక్షన్ చేశాను. (17.3) అంటే పదిహేడో లెక్చర్‌లో మూడోది. పదకొండో లెక్చర్‌లో నేను ఏం గెలికినా పదిహేడో లెక్చర్‌కు దెబ్బ తగలదు. చాప్టర్, సెక్షన్, ఈక్వేషన్ అని మూడంచెలు పెట్టేవాళ్లూ ఉన్నారు. (3.2.14) అని బోర్డు మీద రాసి, నోటితో చెప్పి, పిల్లలు రాసుకునేసరికి ఈక్వేషన్ మీద ధ్యాస పోతుంది. రెండంచెలు చాలు.

ఈ పనికి కొందరు ప్రతి సెక్షన్ మొదట్లో లెక్కను చేత్తో సున్నాకు తెస్తుంటారు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. పీడీఎఫ్‌లో లింకులు పెట్టే హైపర్‌రెఫ్ ప్యాకేజీ కూడా ఉంటే మాత్రం ఆ లింకులు చేరాల్సిన గమ్యాలు ఒకే పేరుతో రెండు మూడు తయారై, లింక్ నొక్కితే ఇంకెక్కడికో తీసుకుపోతుంది. లేటెక్ నడిచినప్పుడల్లా రాసిపెట్టే లాగ్ ఫైల్‌లో ఆ హెచ్చరిక ఉంటుంది, కానీ లాగ్ ఫైల్ చదివేదెవరు.

ఇక అసలు వాదన: ఏ ఈక్వేషన్‌కు నంబర్ వేయాలి? ఎక్కడో ఒకచోట ప్రస్తావించినవాటికే వేస్తే పేజీ శుభ్రంగా ఉంటుందనేది ఒక పక్షం. మ్యాథ్‌టూల్స్ ప్యాకేజీలో షోఓన్లీరెఫ్స్ అనే ఆప్షన్ సరిగ్గా ఇదే చేస్తుంది. ఈక్యూరెఫ్‌తో పిలిచినవాటికే నంబర్ చూపిస్తుంది, మిగతావాటిని వదిలేస్తుంది. ఆటోనమ్ ప్యాకేజీదీ అదే దారి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నోట్స్‌కు మాత్రం వీటిని నేను అస్సలు సిఫార్సు చేయను. ఇరవయ్యో లెక్చర్‌లో కూర్చుని, ఆరో లెక్చర్‌లో ఇన్నాళ్లూ నంబర్ లేని ఒక ఈక్వేషన్‌ను ఒక్కసారి పిలిచాననుకోండి. ఆరో లెక్చర్‌లో దానికి కొత్తగా నంబర్ పుడుతుంది, దాని కిందవన్నీ జరుగుతాయి. ఆ ఫైల్ నేను తెరవనైనా లేదు!

ఇంకో కారణం కూడా ఉంది. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెర్మిన్ 1989లో ఫిజిక్స్ టుడే పత్రికలో ఈక్వేషన్లు రాయడం గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో మొదటి నియమమే, విడిగా వేసిన ప్రతి ఈక్వేషన్‌కూ నంబర్ వేయమని. రాసినవాడు ప్రస్తావించకపోయినా చదివినవాడికి దాని గురించి మాట్లాడే అవసరం రావచ్చు కదా. ఈ మాట క్లాసులో రోజూ రుజువవుతుంది. నంబర్ లేకపోతే డౌట్ ఎలా వస్తుందంటే, "సార్, నాలుగో పేజీలో కింది నుంచి రెండోది, ఈ పవర్ మైనస్ ల్యామ్డా ఉంది చూడండి, అది కాదు, దాని పైది." ఈ రన్నింగ్ కామెంటరీ విన్నాక పేజీ శుభ్రం మీద నాకు మమకారం పోయింది. నేను అన్నిటికీ వేస్తాను.

అన్నిటికీ అంటే ప్రతి వరుసకూ అని కాదు. పది వరుసల గుణకారాన్ని, సమానం గుర్తులను ఒకదాని కింద ఒకటి నిలబెట్టే అలైన్‌లో పెడితే వరుసకో నంబర్ పడుతుంది, కుడి అంచు బస్ టైమ్‌టేబుల్‌లా తయారవుతుంది. అలాంటిదాన్ని ఈక్వేషన్ లోపల స్ప్లిట్‌లో పెడితే మొత్తానికి ఒకటే నంబర్. మామూలుగా అది నిలువునా మధ్యలో పడుతుంది. ఏఎంఎస్‌మ్యాథ్‌ను పిలిచేటప్పుడు టీబీట్యాగ్స్ అని ఆప్షన్ ఇస్తే చివరి వరుస పక్కకు దిగుతుంది. మనకు కావలసింది ఆ చివరి ఫలితమే కాబట్టి నోట్స్‌కు ఇదే నయం. స్ప్లిట్ రెండు పేజీల మధ్య విరగదు, మరీ పొడవైతే మళ్లీ అలైన్‌కే పోయి, పేజీ మధ్యలో విరగనిచ్చే అలౌడిస్‌ప్లేబ్రేక్స్ కమాండ్ ఇచ్చి, అక్కర్లేని వరుసలకు నంబర్ ఆపే నోట్యాగ్ పెట్టుకోవాలి. ఈక్వేషన్‌అర్రే అనే పాతకాలపు పద్ధతి మాత్రం ఎవరు ఇచ్చిన ఫైల్‌లో కనిపించినా తీసేయండి. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఎక్కువ వదులుతుంది, ఈక్వేషన్ పొడవైతే నంబర్ మీదికే ఎక్కేస్తుంది.

సెమిస్టర్ మధ్యలో కొత్త ఈక్వేషన్ చేర్చక తప్పకపోతే? నా ప్రాణానికి హాయి ఇచ్చింది ట్యాగ్ కమాండ్. ట్యాగ్ లోపల పై ఈక్వేషన్ లేబుల్‌ను రెఫ్‌తో పిలిచి, పక్కన ఒక ప్రైమ్ గుర్తు పెడితే (9.5′) అని పడుతుంది. ట్యాగ్ పెట్టినదాన్ని లేటెక్ లెక్కలోకి తీసుకోదు కాబట్టి (9.6) తన చోటే ఉంటుంది. తీసేయాల్సి వస్తే ఆ చోట లెక్కను చేత్తో ఒకటి ముందుకు జరిపి, ఖాళీ వదిలి, "9.7 తీసేశాను" అని పక్కన రాస్తాను. అందంగా ఉండదు. ఒకే లెక్చర్‌లో ప్రైమ్, డబుల్ ప్రైమ్ రెండూ వచ్చాయంటే చూసినవాళ్లు డెరివేటివ్ అనుకునే ప్రమాదం కూడా ఉంది. వేసవి సెలవుల్లో ఇవన్నీ పీకేసి, వరసగా నంబర్లు పడనిచ్చి, మొదటి పేజీ మీద కొత్త విద్యా సంవత్సరం వేస్తాను. పాత బ్యాచ్ కాపీలు కొత్త బ్యాచ్‌కు చేరతాయని తెలుసు. సీనియర్ల నోట్స్‌కు ఉన్న గౌరవం మా కొత్త పీడీఎఫ్‌కు ఎక్కడిది.

ప్రస్తావించే పద్ధతి గురించి రెండు మాటలు. క్లెవర్‌రెఫ్ ప్యాకేజీ మంచిదే, వరసగా ఉన్న నంబర్లను కలిపి ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా అని రాసిపెడుతుంది. దాన్ని హైపర్‌రెఫ్ తర్వాత పిలవాలి, ఆ వరస తప్పితే తలనొప్పి. నాకు ఈక్యూరెఫే సరిపోతోంది, కానీ నంబర్‌ను ఒంటరిగా వదలను. "(12.4) వల్ల" అనే బదులు "శక్తి అసమానత (12.4) వల్ల" అని రాస్తాను. మెర్మిన్ రెండో నియమం కూడా ఇదే. ఫోన్‌లో లింక్ నొక్కి పన్నెండో లెక్చర్‌కు వెళ్లిన పిల్లవాడు తిరిగి తానున్న చోటికి రాలేక అవస్థపడటం చూశాక, ఆ రెండు పదాల విలువ నాకు ఇంకా బాగా తెలిసింది.

ఫైళ్ల సంగతి. ఒక్కో లెక్చర్‌ను ఒక్కో ఫైల్ చేసి ఇన్‌క్లూడ్ కమాండ్‌తో కలపండి. అప్పుడు ఇన్‌క్లూడ్ఓన్లీతో ఈ వారం లెక్చర్ ఒక్కటే ప్రింట్ తీసినా, మిగతావాటి నంబర్లను లేటెక్ గుర్తుపెట్టుకునే ఆక్స్ ఫైళ్లు పక్కన ఉంటాయి కాబట్టి నంబర్లు సరిగ్గానే వస్తాయి. ట్యుటోరియల్ షీట్లు వేరే డాక్యుమెంట్ అయితే ఎక్స్‌ఆర్ ప్యాకేజీ నోట్స్‌లోని లేబుళ్లను అక్కడికి తెస్తుంది. రెండింటిలో ఒకే పేరు ఉంటే గొడవ కాబట్టి, బయటి లేబుళ్ల ముందు ఒక అక్షరం తగిలించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. అంకె బదులు రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తే కంగారు పడకుండా ఇంకోసారి కంపైల్ చేయండి, లేదా లేటెక్ఎంకే అనే ప్రోగ్రామ్ వాడండి, ఎన్నిసార్లు కావాలో అదే చూసుకుంటుంది. అప్పటికీ పోకపోతే లేబుల్ స్పెల్లింగ్ చూడాలి.

నాకు తీరని కోరిక ఒక్కటే. ఈ లెక్చర్ నంబర్లు ఖరారు, ఇక కదిలితే కేకపెట్టు అని లేటెక్‌కు చెప్పే తేలికైన మార్గం నా చేతికి దొరకలేదు. అందుకని పీడీఎఫ్ గ్రూపులో పెట్టిన ప్రతిసారీ ఆక్స్ ఫైళ్లను కూడా పక్కన దాస్తాను. వాటిలో ప్రతి లేబుల్ పేరు, దానికి పడిన నంబర్ వరసగా ఉంటాయి. మళ్లీ పంపే ముందు పాతవీ కొత్తవీ పోల్చి చూస్తాను. పేజీ నంబర్లు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ఊరికే పోలిస్తే ప్రతి వరుసా తేడాగానే కనిపిస్తుంది. లేబుల్ పేరు, ఈక్వేషన్ నంబర్ మాత్రమే ఏరి పోల్చే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను. పక్క గదిలో ప్రాబబిలిటీ చెప్పే గూడూరు మేడమ్ కూడా అదే వాడుతున్నారు. దాని నుంచి ఏ వరుసా రాకపోతేనే గ్రూపులో పెడతాం.