వైశాఖంలో ఉప్పునీటి గాలం: అలల ఒడ్డు మేలా, ఏటి మొగ మేలా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, ఆంధ్ర తీరంలో మర పడవలూ మోటారు పడవలూ వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా అమలు చేస్తున్న ఈ నిషేధం 2015కు ముందు 47 రోజులే ఉండేది. ఇది పడవలకు సంబంధించిన కట్టడి గనుక, సరదాకు గాలం వేసేవారికి ఒడ్డు మిగిలే ఉంటుంది. ఆ ఒడ్డున అలలు విరిగే ఇసుక తీరంలో నిలబడాలా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడాలా అన్నదే ప్రశ్న. గోస్తని వచ్చి సముద్రంలో కలిసే భీమిలి వంటి ఊళ్లో రెండూ కూతవేటు దూరంలోనే ఉంటాయి.

ఇంజను లేని తెప్పకు నిషేధం వర్తించదు గదా, దాని మీద వెళ్తే సరిపోదా అని అడిగేవారుంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలల మీద బతికినవారికి అది చెల్లుతుంది గాని సెలవు రోజున వచ్చేవారికి కాదు. పైగా మే నెల బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా. 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20నే. కాబట్టి తెప్పను పక్కన పెడదాం.

ఇసుక తీరంలో ఉన్న సుఖం ఏమిటంటే, చోటు కోసం ఎవరితోనూ పోటీ పడనక్కరలేదు. అలలు తెల్లగా విరిగే రెండు చోట్ల నడుమ నీరు ముదురు రంగులో, నురుగు లేకుండా కనిపిస్తే అక్కడ అడుగున గాడి ఉన్నట్టు. చేపలు ఒడ్డుకు దగ్గరగా వచ్చేది ఆ గాడి వెంటే. అయితే విశాఖ తీరంలో స్నానానికి దిగినవారిని లోపలికి లాగేసే ప్రవాహం కూడా సరిగ్గా అలాంటి గాడి గుండానే పోతుంది గనుక, గాలం దూరంగా విసరాలని మోకాలి లోతు దాటి దిగడం ఏమాత్రం మంచిది కాదు. ఇక్కడ ఎక్కువగా తగిలేవి జెల్లలు, చిన్న పారలు, నీళ్లలోంచి పైకి తీయగానే గుర్రుమని చప్పుడు చేసే గొరకలు. జెల్ల వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున ఉండే మూడు ముళ్లలోనూ విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో చేయి ఉంచడం తక్షణ ఉపశమనం. మధ్యాహ్నానికి సముద్రపు గాలి జోరందుకుని, తేలికపాటి సీసం గుండు అడుగున నిలవక ఒడ్డు వెంట కొట్టుకుపోతుంది.

మొగ దగ్గర లెక్క వేరు. ఎండాకాలంలో ఏటి నీరు తగ్గి ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది గనుక, సముద్రపు చేపలు మామూలుకంటే పైకి వస్తాయి. సముద్రపు నీరు పైకి పొంగే పోటు తిరిగి, వెనక్కి తీసే పాటు మొదలవగానే, ఏటిలోకి చొరబడిన రొయ్యలూ పిల్ల చేపలూ నీటితో పాటు ఇరుకు దారిన బయటకు కొట్టుకు వస్తాయి, వాటి కోసం పండుగప్ప ఇసుక దిబ్బ అంచున, లోతు మొదలయ్యే చోట, ప్రవాహానికి ఎదురుగా కాచుకుని ఉంటుంది. బతికున్న రొయ్యను గాలానికి గుచ్చి ప్రవాహంతోనే వదలాలి. లాగి కట్టినట్టు బిగిస్తే ముట్టదు. అమావాస్యకూ పౌర్ణమికీ తర్వాత వచ్చే రెండు మూడు రోజులు నీటి పరుగు బలంగా ఉంటుంది, అష్టమి నాడు నీరసపడుతుంది. అందుచేత మొగకు వెళ్లేవారు పంచాంగం చూసుకుని వెళ్లడం చాదస్తమేమీ కాదు. పండుగప్పను మొప్పల దగ్గర పట్టుకోకూడదు, దాని మొప్పల మూత అంచు బ్లేడులా కోస్తుంది.

మొగకు రెండు లోపాలున్నాయి. మొదటిది, ఉత్తరాంధ్ర చిన్న నదుల్లో వేసవిలో నీటి ఒరవడి ఉండదు. గోస్తని నీరు ఎగువన తాటిపూడి జలాశయంలోనే ఆగుతుంది. అదే కాలంలో గాలులూ అలలూ తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెడుతూ ఉంటాయి గనుక, ఇలాంటి మొగలు సన్నబడడం, కొన్నిసార్లు పూర్తిగా పూడిపోవడం కద్దు. రెండోది అసలైన చిక్కు. పండుగప్ప మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. వానాకాలం దగ్గరపడేకొద్దీ గుడ్లు పెట్టడానికి మొగల వైపు దిగుతుంది. అంటే మే నెలాఖరున మొగలో తగిలే బారెడు చేప చాలావరకు గుడ్లతో ఉన్న ఆడదే. పడవలను ఆపి కాపాడదలచింది సరిగ్గా ఇలాంటి తల్లి చేపనే గనుక, దాన్ని నీటిలోనే ఉంచి గాలం తీసి వదిలేయాలి. అలా వదలడానికి మనసొప్పనివారికి ఇసుక తీరమే తగిన చోటు.

చేప దొరికే అవకాశాన్ని చూసినా, ఎండ ముదరకముందే పని ముగియడాన్ని చూసినా, మొగ తెరిచి ఉన్నంత కాలం నా ఓటు దానికే, అదీ తెల్లవారుజామున పాటు మొదలయ్యే రోజుల్లో. ఇసుక దిబ్బ కొసన మాత్రం నిలబడకూడదు, పాటు నీరు దాన్ని కింది నుంచి కోసేస్తూ ఉంటుంది. మొగ పూడిపోతే, లేదా అష్టమి చుట్టుపక్కల నీటి పరుగు లేని రోజుల్లో, ఇసుక తీరానికి పోయి జెల్లలతో సరిపెట్టుకోవచ్చు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చిన రోజున రెండు చోట్లకూ వెళ్లనవసరం లేదు.