హైదరాబాద్ నుంచి డాలస్ దాకా: రాత్రి విమానంలో తిండి సంగతులు

గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లకు తిండి వేళలు శంషాబాద్‌లోనే తారుమారవుతాయి. దుబాయ్, దోహా, అబుదాబి వెళ్లే విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే బయల్దేరతాయి. ఇంట్లో ఎనిమిదింటికి అన్నం తిని బయల్దేరితే చెకిన్, ఇమిగ్రేషన్ అన్నీ అయ్యేసరికి మళ్లీ ఆకలి మొదలవుతుంది. తీరా విమానం ఎక్కి కళ్లు మూతలు పడుతున్నప్పుడు ట్రే వస్తుంది. ఆ మొదటి విమానం సుమారు నాలుగు గంటలే. షుగర్ లాంటి సమస్యలు లేనివాళ్లు గేటు దగ్గరే ఏదైనా తేలిగ్గా తినేసి, విమానంలో నిద్రపోవడం మేలని నా అభిప్రాయం. విమానంలో ఇచ్చే ఉప్మా, వడ, సాంబారు బాగానే ఉంటాయి. ఈ దారిలో మన వంటకు దగ్గరగా ఉండే ట్రే కూడా అదే. కానీ ముందున్నది 16 గంటల ప్రయాణం, అప్పటికి ఈ నిద్రే ఎక్కువ పనికొస్తుంది.

అసలు జాగ్రత్త టికెట్ కొన్నప్పుడే మొదలవ్వాలి. స్పెషల్ మీల్ కావాలంటే చాలా సంస్థలకు కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ఒక్కో రకం భోజనానికి నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది. మన శాకాహారులకు సరిపోయేది ఏవీఎంఎల్, అంటే ఏషియన్ వెజిటేరియన్. మసాలా కూరలు, పప్పు, అన్నం వస్తాయి, గుడ్డు ఉండదు. వీజీఎంఎల్ వీగన్ భోజనం, అందులో పెరుగు కూడా రాదు. వీఎల్‌ఎంఎల్ పాశ్చాత్య తరహా శాకాహారం, అది తీసుకుంటే పాస్తా లాంటివి వస్తాయి, గుడ్డు కూడా ఉండొచ్చు. వీజేఎంఎల్ జైన భోజనం, ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లకు అదే దిక్కు. అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది హెచ్‌ఎన్‌ఎంఎల్ విషయంలో. హిందూ మీల్ అని రాసి ఉంటుంది కాబట్టి శాకాహారమే అనుకుని పెద్దవాళ్లకు అదే పెట్టించేస్తుంటారు. అది మాంసాహారం. గొడ్డుమాంసం మాత్రం ఉండదు. 2018 జులైలో ఎమిరేట్స్ ఈ హిందూ మీల్‌ను తీసేస్తామని ప్రకటించి, ప్రయాణికులు అభ్యంతరం చెప్పడంతో వెంటనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అంటే దాన్ని కోరుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

షుగర్ ఉన్న శాకాహారులకు మాత్రం చిక్కే. డీబీఎంఎల్ అనే డయాబెటిక్ భోజనంలో చికెనో చేపో రావచ్చు. ఒక మనిషికి మామూలుగా ఒక్క స్పెషల్ మీలే నమోదవుతుంది. అందుకే మా అమ్మకు ఎప్పుడూ ఏవీఎంఎల్ పెట్టించి, స్వీటు పక్కన పెట్టేయమంటాను. ఇన్సులిన్, మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. వాటిని ఏ వేళకు తీసుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి రాయించుకోవాలి. ఎందుకంటే కుదుపులు ఎక్కువగా ఉంటే భోజనం వడ్డించడం ఆపేస్తారు. ట్రే ఇంకో గంటకు రావచ్చు, రెండు గంటలకు రావచ్చు.

ఒకసారి తిరుగు ప్రయాణంలో కనెక్షన్ తప్పిపోయి, వేరే విమానంలో సీట్లు ఇచ్చారు. సీట్లయితే మారాయి గానీ మా భోజనాల వివరాలు వాటితో పాటు వెళ్లలేదు. అమ్మకు పెట్టడానికి చికెన్, పాస్తా తప్ప ఏమీ లేవు, పాస్తాలో కూడా మాంసం ఉంది. పాపం, ఆ సిబ్బంది ముందు క్యాబిన్ నుంచి పళ్లు, బ్రెడ్, సలాడ్ సర్దిపెట్టారు. వాళ్ల మంచితనాన్ని మర్చిపోలేను. కానీ షుగర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి ఎవరి మంచితనం మీదో ఆధారపడే పరిస్థితి రాకూడదు. అందుకే టికెట్‌లో ఏ మార్పు జరిగినా ప్రతి విమానానికీ భోజనం విడివిడిగా నమోదై ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. చెకిన్ దగ్గర ఒకసారి, విమానం ఎక్కగానే సిబ్బందిని ఇంకోసారి అడగడానికి మొహమాటపడొద్దు.

దుబాయ్ నుంచో దోహా నుంచో డాలస్ వెళ్లే పెద్ద విమానంలో మామూలుగా రెండు పెద్ద ట్రేలు, మధ్యలో చిరుతిండి ఇస్తారు. ఎక్కిన గంటన్నర లోపు మొదటి భోజనం వస్తుంది. స్పెషల్ మీల్ చెప్పినవాళ్లకు ముందే ఇస్తారు కాబట్టి తినేసి త్వరగా పడుకోవచ్చు. జీరా రైస్, పనీర్ కూర, పప్పో రాజ్మానో, చిన్న పెరుగు కప్పు ఉంటాయి. అన్నం కాస్త మిగుల్చుకుని ఆ పెరుగు కలుపుకుంటే మన భోజనం చేసినట్టే ఉంటుంది. అమ్మకు ప్రతిసారీ నచ్చేది ఆ నాలుగు ముద్దలే. రాజ్మా మాత్రం తగ్గించమంటాను. క్యాబిన్‌లో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. కడుపులో గ్యాస్ వ్యాకోచిస్తుంది, గంటల తరబడి కూర్చున్నవాళ్లకు ఉబ్బరం తప్పదు. సోడా డ్రింకులు కూడా అంతే.

"ఏంటే, ఈ పప్పులో ఉప్పే లేదు" అని అమ్మ అడుగుతుంది. వంటవాళ్ల తప్పేమీ కాదు. లుఫ్తాన్సా విమానయాన సంస్థ కోసం జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థ చేసిన పరీక్షల్లో, విమానంలో ఉండే పీడనం దగ్గర ఉప్పు రుచి 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తుందని తేలింది. క్యాబిన్‌లో గాలి బాగా పొడిగా ఉండటంతో ముక్కు ఎండిపోయి వాసనలూ సరిగా తెలియవు. పైగా విమానంలో ఎవరూ వండరు. కింద వంటశాలలో వండి, చల్లబరిచి ఎక్కించినదాన్ని ఓవెన్‌లో వేడిచేసి ఇస్తారు. అందుకే గ్రేవీ కూరలు బాగుంటాయి, విడి అన్నం, బన్ను గట్టిపడతాయి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు అక్కడి వంటశాల నుంచే ఎక్కిస్తారు కాబట్టి అదే ఏవీఎంఎల్ ఇంకా చప్పగా ఉంటుంది. వెళ్లేటప్పటి భోజనం చూసి వచ్చేటప్పుడూ అలాగే ఉంటుందనుకోవద్దు.

మొదటి ట్రేకీ రెండోదానికీ మధ్య ఏడెనిమిది గంటల విరామం ఉంటుంది. పెద్దవాళ్లు నీరసపడేది అప్పుడే. వెనక గ్యాలీకి, అంటే సిబ్బంది భోజనాలు సర్దే చోటికి వెళ్లి అడిగితే శాండ్‌విచ్, పళ్లు, కొన్ని విమానాల్లో కప్ నూడుల్స్ కూడా ఇస్తారు. మనవాళ్లు అడగడానికి ఇబ్బందిపడతారు, బెల్ నొక్కితే ఏమనుకుంటారో అని. దాహమైనా ఓర్చుకుని కూర్చుంటారు. నీళ్ల సీసా మాత్రం సీటు దగ్గర ఉండాల్సిందే.

ఇంటి నుంచి తీసుకెళ్లేవాటిలో మెంతి చపాతీలకే నా ఓటు. వాసన రాదు, చేతులకు అంటదు, సెక్యూరిటీలో ఎవరూ ఆపరు. పులిహోర మొదటి ఆరేడు గంటల్లో తినేయాలి. జంతికలు, సకినాలు ఎంతసేపైనా ఉంటాయి. పెరుగు, పచ్చడి 100 మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో పోనివ్వరు. అమెరికా వెళ్లే విమానాలకు 2018 నుంచి పొడుల మీద కూడా పట్టింపు ఉంది. 350 మిల్లీలీటర్లకు మించిన కందిపొడి డబ్బా అయితే చెకిన్ సామానులో పెట్టడమే నయం.

దిగే ముందు వచ్చే రెండో ట్రే వదలొద్దు. ఇమిగ్రేషన్ లైను, సామాను, ఆపై ఇంటికి కారు ప్రయాణం, ఇవన్నీ అయ్యేదాకా మళ్లీ తిండి దొరకదు. ఆ ట్రేలో యాపిలో అరటిపండో ఉంటే అక్కడే తినేయాలి, లేదా వదిలేయాలి. విమానంలో ఇచ్చిందే అయినా సంచిలో వేసుకుంటే కస్టమ్స్‌కు చెప్పాల్సిందే, చెప్పకపోతే జరిమానా వేస్తారు. కోడి, మటన్ పచ్చళ్లు కూడా తీసేసుకుంటారు. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే, విమానం ఎక్కకముందే జరుగుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పళ్లుంటే ఆ లైనులో నిలబడకముందే తినేయాలి.