కత్తి బంగారం, ఒర దండగ: చిత్తూరు మామిడి తోటలో మూడు రోజులు

3,400 రూపాయలు తీసుకున్న క్యాంపింగ్ కత్తికి ఇంత నాసిరకం ఒర కుట్టి పంపడం అన్యాయం. కొనేటప్పుడు అందరూ బ్లేడు చూస్తారు, పిడి పట్టి చూస్తారు, ఒరను తిరగేసి చూసేవాళ్లు తక్కువ. తేడా వచ్చేది అక్కడే.

కత్తి నాలుగంగుళాల బ్లేడు, 4 మిల్లీమీటర్ల మందం, 1095 రకం కార్బన్ స్టీలు (తుప్పు పట్టే ఉక్కు). పిడి చివరిదాకా ఒకటే ఉక్కు పలక. దాంతో వచ్చిన తోలు ఒరకు రెండో రోజు సాయంత్రానికే మొన దగ్గర ఏడు కుట్లు తెగిపోయాయి. కారణం స్పష్టంగా కనిపిస్తోంది. రెండు తోలు పొరల మధ్య, పదును వైపు అంచు వెంట, మూడు నాలుగు మిల్లీమీటర్ల తోలు పట్టీ ఉండాలి. కత్తి దింపినప్పుడల్లా పదును తగలాల్సింది ఆ పట్టీకి. అది లేకపోతే నేరుగా దారానికి తగులుతుంది. ఈ ఒరలో పట్టీ అసలు లేదు. ఇంకో రెండు రోజులు నడుముకు కట్టుకుని తిరిగితే మొన బయటికొచ్చి తొడకు దిగేది.

తోలు కూడా సరైంది కాదు. కోసిన అంచును వెలుగులో చూస్తే లోపల నీలం కలిసిన బూడిద రంగు, అంటే క్రోమ్‌ లవణాలతో శుద్ధి (టానింగ్) చేసిన తోలు. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలైతే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోధుమ రంగే ఉంటుంది, తడిపి కత్తి ఆకారానికి నొక్కితే ఆరాక అలాగే నిలుస్తుంది. ఇది నిలవదు, అందుకే కత్తి లోపల లొడలొడలాడుతుంది. జులై ఆఖరు, రాత్రి తుంపర పడింది. తడిసిన ఒరలో కత్తి ఉండిపోయింది, తెల్లారేసరికి బ్లేడు పదును భాగం మీద మిరపగింజలంత తుప్పు మచ్చలు. తోలు ఏదైనా తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి కార్బన్ స్టీలును రాత్రిపూట ఒరలో ఉంచకూడదు.

దీన్ని బాగుచేసింది తిరుపతి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన. ఒరను ఒక్కసారి వంచి చూసి, "లోపల పట్టీ లేదన్నా, దారాన్ని కత్తే కోసేస్తా ఉంది" అన్నాడు. పాత కుట్లు విప్పి, మందపాటి తోలు ముక్కను అంచు వంపుకు తగ్గట్టు చెక్కి, జిగురుతో అతికించి, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేశాడు. ముప్పావు గంట పని, 150 రూపాయలు. ఈ మొత్తం ప్రయాణంలో ఇచ్చిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది అక్కడే.

ఇక కత్తి మాత్రం నిజంగా మంచిది. తోటలో కాయ కోత అయిపోయి కొమ్మలు కత్తిరిస్తున్నారు, కట్టెకు కొదవ లేదు. ఎండిన మామిడి కొమ్మ మణికట్టంత లావు దాకా బ్లేడు వెన్ను మీద కర్రతో కొడితే చీలింది. అంతకన్నా లావైతే మామిడి నార మెలితిరిగి ఉంటుంది కాబట్టి కత్తి మధ్యలో ఇరుక్కుంటుంది, అప్పుడు పిడిని అటూ ఇటూ ఊపకుండా పక్కన చెక్క మేకు దిగగొట్టి విడిపించాలి. ఎండిన తుమ్మ మీద మాత్రం జాగ్రత్త. స్కాండీ పదును (రెండు పక్కలా ఒకే వాలుగా నేరుగా అంచుదాకా దిగే పదును) రెండు వైపులా కలిపి 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, పలచన. తుమ్మ ముడి తగిలితే అంచు పక్కకు ఒరుగుతుంది. సానరాయి మీద ఆఖర్న కత్తిని కాస్త లేపి రెండు మూడు సార్లు లాగితే అంచు గట్టిపడుతుంది.

ఫెర్రో కడ్డీతో (గీకితే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ) నిప్పు రాలలేదంటే కడ్డీని తప్పుపట్టకండి. బ్లేడు వెన్ను మీద కూడా నల్ల పూత ఉంది, అది ఉంటే వెన్ను కడ్డీని సరిగ్గా గీకదు. ఆకురాయితో రెండంగుళాల మేర గీకి, మూలలు పదునుగా తేలేలా చేశాక కొబ్బరిపీచు మూడో దెబ్బకే అంటుకుంది. చెట్టు మీద మిగిలిన తోతాపురి కాయ కోస్తే ఆ పులుపుకు బ్లేడు పదును భాగం రెండు నిమిషాల్లో నల్లబడింది, కాయ ముక్కకు ఇనుము రుచి అంటింది. వెంట వచ్చిన తమ్ముడు ఆ ముక్క ఉమ్మేసి మధ్యాహ్నం దాకా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. వంటకు వేరే స్టెయిన్‌లెస్ చాకు ఉండాల్సిందే.

తోటలో రేకుల గది రాత్రికి 900, భోజనం మనిషికి 120. రాగిసంగటి, నాటుకోడి పులుసు బ్రహ్మాండం. గది సంగతి అంతకుమించి చెప్పడానికేం లేదు. తిరుపతి లాడ్జిలో మాత్రం, గది ఖాళీ చేశాక కొండకు వెళ్లొచ్చేదాకా సంచి ఉంచినందుకు 200 అడిగారు. ముందు రోజు అడిగితే "ఊరికే పెట్టుకోండి" అన్నవాళ్లే.

ఆ సంచి కింద వదలక తప్పదు. అలిపిరిలో ప్రతి సామానూ తనిఖీ చేస్తారు, కత్తి కొండ మీదికి పోనివ్వరు. తలకోన జలపాతం దగ్గరికీ కత్తి కుదరదు, అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఆయుధం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులు ఉన్నాయి, రాతపూర్వక అనుమతి లేకుండా లోపలికి తీసుకెళ్లకూడదు. నిప్పు పెట్టడమూ నేరమే. పైగా శేషాచలం అంటే ఎర్రచందనం అడవి, పదునైన పనిముట్టుతో కనిపిస్తే చెక్‌పోస్టులో అనుమానించడం సహజం. ఇలాంటి కత్తిని యజమాని అనుమతి ఉన్న తోటలోనే వాడండి.

తిరుగు ప్రయాణానికి బ్లేడు కడిగి, పొడిబట్టతో తుడిచి, కొబ్బరినూనె పలచగా రాసి, రెండు మడతల అట్టలో చుట్టి సంచి అడుగున పెట్టాలి. ఒరను విడిగా, మూతి తెరిచి ఉంచాలి. తడిసి ఉంటే ముందుగా ఒక రోజంతా నీడలో ఆరనివ్వాలి. చిత్తూరు ఎండలో పెడితే తోలు బిర్రబిగిసి పగులుతుంది.