మామిడి పూతకు కల్టారా, పొటాషియం నైట్రేటా? చలి సరిగా పట్టని ఏడాది ఏది మేలు?

చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి రైతుకు ఏడాది ఆదాయం చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లోనే తేలిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, నేల ఆరి, రాత్రులు చల్లబడితే ముదిరిన కొమ్మ చివరనున్న మొగ్గ పూతగా విచ్చుకుంటుంది; అదే సమయంలో తేమ, వెచ్చదనం దొరికితే ఆ మొగ్గే ఇగురు (కొత్త చిగురు) వేస్తుంది. ఇగురు వేసిన కొమ్మ ఆ ఏడు కాపు ఇవ్వదనే చెప్పుకోవాలి. 2022 డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మామళ్లపురం వద్ద, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల సమీపంలో, 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటాయి. వరుసగా మూడేళ్లు, నేల ఆరి ఉండవలసిన రోజులకు ముందో, ఆ రోజుల్లోనో తుపాను వచ్చిందంటే, పూతను పూర్తిగా వాతావరణానికే వదిలేయడం రైతుకు ఎంత కష్టమో అర్థమవుతుంది.

అందుకే రైతులు రెండు మందుల వైపు చూస్తున్నారు. మొదటిది పాక్లోబ్యూట్రజాల్; ఊళ్లలో అందరూ కల్టార్ అనే అంటారు. చెట్టులో పెరుగుదలకు కారణమయ్యే జిబ్బరెల్లిన్ తయారీని ఇది అడ్డుకోవడంతో ఇగురు ఆగి, చెట్టు పూత వైపు మళ్లుతుంది. చెట్టు కొమ్మలు గొడుగులా పరుచుకున్న వెడల్పును కొలిచి, మీటరుకు సుమారు 3 మి.లీ. చొప్పున నీటిలో కలిపి, తేమ ఉన్న పాదులో మొదలు చుట్టూ పోస్తారు. పూతకు మూడు, నాలుగు నెలల ముందే, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఈ పని పూర్తి కావాలి. రెండవది పొటాషియం నైట్రేట్, దుకాణంలో 13-0-45 అని అడిగి తెచ్చుకునేది. లీటరు నీటికి 10 గ్రాములు కలిపి ఆకులపై పిచికారీ చేస్తారు. ఇది పూతను కొత్తగా పుట్టించదు. పూతకు సిద్ధమై నిద్రపోతున్న మొగ్గను లేపుతుంది.

చలి సరిగా పట్టని ఏడు కల్టార్‌కు ఒక నిజమైన బలం ఉంది. రాత్రి ఉష్ణోగ్రత ఆశించినంత తగ్గకపోయినా అది పూత తెప్పించగలదు, పూతను కొన్ని వారాలు ముందుగానూ రప్పించగలదు. అయితే ముందుగా వచ్చిన పూత ఎవరికి లాభమో చూసుకోవాలి. బేనీషా (బంగినపల్లి) పండిస్తే తొలి కాయకు మంచి ధర పలుకుతుంది కనుక లాభమే. మన జిల్లాలో ఎక్కువగా ఉన్నది మాత్రం తోతాపురి; అది గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే కాయ, ఆ కొనుగోళ్లు సాధారణంగా జూన్‌లో గాని ఊపందుకోవు. 2025లో కాయ విపరీతంగా వచ్చి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. అటువంటి సరకును ముందుగా పూయించి రైతు పొందేది ఏమంత లేదు.

కల్టార్‌తో అసలు చిక్కు వేరే ఉంది. దాన్ని పోసే నాటికి డిసెంబరు ఎలా ఉండబోతుందో ఎవరికీ తెలియదు. మోతాదు మించితే పూత గుత్తులు పొడవుగా సాగక బిగుసుకుపోతాయి. మబ్బు పట్టి చినుకులు పడ్డప్పుడు ఆ గుత్తుల మధ్య తేమ ఆరక పక్షికన్ను తెగులు (నల్లమచ్చల తెగులు) పట్టుకుంటుంది, లోపలికి తెగులు మందు కూడా సరిగా చేరదు. అంటే అకాల వానకు విరుగుడుగా వాడినదే, వాన పడితే తెగులుకు తోడవుతుంది. పైగా కల్టార్ నేలలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి, నిరుటి మోతాదునే ఏటా పోస్తే చెట్టు గిడసబారుతుంది.

పొటాషియం నైట్రేట్‌తో నిర్ణయం రైతు చేతిలో చివరిదాకా ఉంటుంది. తుపాను వెలిశాక తోటలోకి వెళ్లి కొమ్మ చివరి ఆకును పిడికిట్లో నలిపి చూడాలి. ముదురాకుపచ్చగా ఉండి పెళుసుగా విరిగితే కొమ్మ ముదిరినట్లు; మెత్తగా మడతపడితే ఇంకా లేతదన్నమాట. లేత కొమ్మపై కొడితే పూతకు బదులు ఇగురే వస్తుంది, అందువల్ల అక్కడ ఆగడమే మంచిది. ఆగినందుకు ఖర్చేమీ లేదు. కల్టార్‌కు ఈ వెసులుబాటు లేదు, పోసింది వెనక్కి రాదు.

ఈ కారణాల వల్ల నా అభిప్రాయంలో తోతాపురి తోటలున్న రైతుల్లో ఎక్కువమందికి పొటాషియం నైట్రేటే మేలు. అయితే అది ఒంటరిగా పనిచేయదు. కోత అయిన వెంటనే జూలై, ఆగస్టుల్లో కొమ్మలు కత్తిరించి, ఇగురు తొందరగా వచ్చి డిసెంబరుకు ముదిరేలా చూసుకోవాలి. డ్రిప్ ఉన్నవారు పూతకు రెండు నెలల ముందు నీరు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యేవరకు మళ్లీ ఇవ్వకూడదు. వాన పడితే పాదుల్లో నీరు నిలవకుండా కాలువ తీయాలి. పుత్తూరు, సత్యవేడు వైపు తుపాను వాన ఎక్కువ కనుక ఈ పనులు అక్కడ మరింత ముఖ్యం. పలమనేరు వైపు ఎత్తు వల్ల చలికి కొదవ తక్కువ, అక్కడ బూడిద తెగులుపైనే ఎక్కువ కన్నుండాలి.

బేనీషా చెట్లు బలంగా ఉండి, నిరుడు కాపు తప్పి, కోత రైతే స్వయంగా చేసుకునే తోటలో కల్టార్‌ను తగిన మోతాదులో వాడటాన్ని నేను కాదనను. తోటను గుత్తకు ఇచ్చినచోట మాత్రం గట్టిగా వద్దంటాను. గుత్తదారుకు ఆ ఏటి కాయతోనే పని. చెట్టు గిడసబారితే నష్టం భూమి సొంతదారుది. గుత్త రాసుకునేటప్పుడే తోటలో కల్టార్ పోయరాదని, పోయాలనుకుంటే సొంతదారు ఎదురుగా కొలిచి పోయాలని కాగితంపై రాయించుకోవాలి.