మొదటి పు-ఎర్ టీ కొనేవాళ్లకి: దాయి 7572 రివ్యూ

పులియబెట్టిన పాత టీ కొనాలని ఉంది, ఏది కొనమంటారు అని అడిగినవాళ్లందరికీ నేను దాయి కంపెనీ 7572 పేరే చెప్తున్నాను. అదేమిటో ఒకసారి వివరంగా రాసేస్తే ప్రతిసారీ మళ్లీ చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నా. నేను తాగుతున్నది 2018లో తయారైన బిళ్ల, అంటే టీ ఆకుని గట్టిగా నొక్కి చేసింది. ఉండేది అమెరికాలో కాబట్టి ఇక్కడి గోడౌన్ నుంచి పంపే యునాన్ సోర్సింగ్ సైటులో తీసుకున్నాను, 357 గ్రాములది నలభై డాలర్ల చిల్లర పడింది. ఒకేసారి అంత పెట్టాలంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ, పూటకి ఆరు గ్రాములు వేసుకుంటే డాలరు కూడా అవదు, పైగా ఆ ఆరు గ్రాములతోనే ఎనిమిది తొమ్మిది సార్లు నీళ్లు పోసుకుని తాగొచ్చు.

అసలు పు-ఎర్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. చైనాలో యునాన్ రాష్ట్రంలో పెరిగే పెద్దాకు టీ ఇది, మన అస్సాం టీ మొక్కదీ ఇదే రకం. ఆకుని పెనంలో వేడి చేసి, నలిపి, ఎండలో ఆరబెట్టి, ఆవిరి పట్టి బిళ్లలుగా నొక్కుతారు. అలా నొక్కి వదిలేస్తే అది పచ్చి రకం, షెంగ్ అంటారు. కొత్తగా ఉన్నప్పుడు చేదు, వగరు, ఏళ్ల తరబడి నిల్వలో మెల్లగా మారుతూ మెత్తబడుతుంది. అంతకాలం ఎవరు ఆగుతారు? హాంకాంగ్‌లో పాత టీకి గిరాకీ బాగా ఉండేది, దాన్ని అందుకోవడానికి 1970లలో కున్‌మింగ్, మెంగ్‌హై ఫ్యాక్టరీల వాళ్లు ఆకుని కుప్పగా పోసి, తడిపి, గుడ్డలు కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ కొన్ని వారాల్లోనే పులియబెట్టే పద్ధతి తెచ్చారు. అది షౌ, అంటే మగ్గబెట్టిన రకం. 7572 ఈ రెండో కోవలోది.

ఈ అంకె చూసి చాలామంది 1975లో తయారైన టీ అనుకుంటారు, కొంతమంది అమ్మకందార్లు ఆ అపోహని అలాగే ఉండనిస్తారు కూడా. మొదటి రెండంకెలు ఆ మిశ్రమాన్ని మొదట రూపొందించిన సంవత్సరం, మూడోది ఆకు గ్రేడు, చివరి 2 అంటే మెంగ్‌హై ఫ్యాక్టరీ. 1 ఉంటే కున్‌మింగ్, 3 ఉంటే షియాగ్వాన్. అంటే ఈ ఏడాది నొక్కిన బిళ్ల మీద కూడా 7572 అనే ఉంటుంది. నిజంగా ఎప్పటిదో తెలియాలంటే బ్యాచ్ నంబరు చూడాలి, 1801 అని ఉంటే 2018లో మొదటి విడత అని. దాయి అనేది మెంగ్‌హై ఫ్యాక్టరీ బ్రాండే.

ఇక రుచి. కాగితం విప్పగానే చాలా కొద్దిగా తడి చెక్క వాసన వస్తుంది, ఘాటు లేదు. షౌ కొత్తగా ఉంటే ఆ కుప్ప వాసన పోదు, కొన్నింటికి ఏకంగా చేపల వాసన ఉంటుంది, మొదటిసారి తాగేవాళ్లు అక్కడే ఆగిపోతారు. నాలుగైదేళ్లు గాలి తగిలినదైతే ఆ గోల ఉండదు, అందుకే ఆ ఏడాదే నొక్కింది వద్దంటాను. మొదటి నీళ్లు కడిగి పారబోశాక రెండో విడత నుంచి రంగు బాగా ముదురుతుంది, గ్లాసులో పోస్తే ఎర్రగా, అంచుల్లో తప్ప అవతలివైపు కనపడనంత చిక్కగా. నోట్లో చిక్కగా, నున్నగా జారుతుంది, చేదు దాదాపు లేదు, ఖర్జూరం తీపి లాంటిది చివర్లో తగులుతుంది, ఐదో విడత దాటాక చెక్క రుచి పలచబడి తీపి ఒక్కటే మిగులుతుంది. మూడో విడత నాకు అన్నిటికంటే ఇష్టం. లోపం చెప్పాలంటే, లోతు తక్కువ. మంచి పాత షెంగ్ తాగినప్పుడు గొంతులో చాలాసేపు నిలిచే ఆ చల్లదనం ఇందులో వెతక్కండి, ఇది వేరే సరుకు. భోజనం అయ్యాక, చలికాలం రాత్రుళ్లు తాగడానికి మాత్రం దీని తర్వాతే ఏదైనా. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ధరకి. కెఫీన్ ఉంటుంది కాబట్టి రాత్రి అంటే మరీ పదింటికి కాదు.

మా బావ చక్కెర, పాలు వేసి మరిగించి తాగి చూశాడు. తాగదగ్గట్టే ఉందన్నాడు. టిబెట్‌లో వెన్న, ఉప్పు వేసి చిలికి తాగుతారు, కాబట్టి ఆయన్ని ఏమీ అనలేను.

అసలు సమస్య "పాత" అనే మాట దగ్గర మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఇరవై ముప్పై ఏళ్ల టీ కావాలి, ఆ కోరిక తెలిసినవాళ్లే దుకాణాలు పెట్టుకుని కూర్చున్నారు. పాతకాలంలో బిళ్లల మీద తయారైన తేదీ వేసేవాళ్లు కాదు, ఎక్కువగా ఒకే రకం కాగితంలో, మధ్యలో అదే ముద్రతో చుట్టేవాళ్లు. కాగితం చూసి వయసు చెప్పడం దశాబ్దాలు చేయి తిరిగినవాళ్లకే కష్టం, ఇక కాగితాన్ని పాతదానిలా చేయడం ఎంత సేపు. నిజంగా పేరున్న పాత టీలు ఏ ధర పలుకుతాయో తెలిస్తే మోసం దానంతటదే బయటపడుతుంది: 1980ల చివర, 90ల మొదట్లో తయారై, హాంకాంగ్‌లో పొడిగా నిల్వ చేసిన 7542 (మెంగ్‌హై వాళ్లదే, పచ్చి రకం) ఒకటుంది, 88 చింగ్ అంటారు, అది బిళ్లకి వేల డాలర్లు. అలాంటప్పుడు 1980ల నాటి బిళ్ల అరవై డాలర్లు అని ఎవరైనా పెడితే ఏమనుకోవాలి? ఒక సైటులో అలాంటిదే చిన్న శాంపిల్ ఉంటే, ఎలా ఉంటుందో చూద్దామని తెప్పించాను. పొట్లం విప్పగానే మూసిపెట్టిన కొట్టుగది వాసన, కడిగినా పోలేదు, కప్పులో నల్లటి నీళ్లు, రుచి సున్నా. అది పాతదనం కాదు, వేడీ తేమా బాగా ఉన్నచోట పెట్టి తొందరపెట్టిన సరుకు. ఫిర్యాదు చేస్తే పాత టీ అంటే ఇలాగే ఉంటుంది మేడమ్ అని జవాబొచ్చింది.

లావో బాన్‌జాంగ్, బింగ్‌దావో అనే ఊళ్ల పేర్లు కూడా ఇంతే. ఆ ఊళ్ల ఆకు నిజంగానే గొప్పది, నిజంగానే విపరీతమైన ధర, అందుకే ఆ ఊరి పేరు వేసిన చవక బిళ్లల్ని నేను కన్నెత్తి చూడను. 2007లో పు-ఎర్ ధరలు పిచ్చిగా పెరిగి ఒక్కసారిగా కూలిపోయాయి, అప్పటి గిరాకీలో హడావుడిగా నొక్కిన సరుకు మీద "2007" అని ఉన్నంత మాత్రాన మోజు పడకండి.

అమ్మేవాళ్లని అడగాల్సింది, ఇన్నేళ్లూ ఎక్కడ పెట్టారు అని. పాత బియ్యానికి విలువ ఎక్కువైనా పురుగు పట్టిన బస్తాని ఎవరూ కొనరు కదా, ఇదీ అంతే. కున్‌మింగ్ పొడి ఊరు, అక్కడ టీ మెల్లగా మారుతుంది, వాసన శుభ్రంగా ఉంటుంది. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్, మలేషియా తేమ ప్రాంతాలు, త్వరగా ముదురుతుంది, జాగ్రత్తగా చేస్తే అద్భుతం, లేకపోతే బూజు. ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పే దుకాణం దగ్గరే నేను డబ్బు ఖర్చు పెడతాను. సమాధానం బదులు బరువు తగ్గడం, కొలెస్ట్రాల్ కరగడం గురించి ఉపన్యాసం మొదలైతే ఆ ట్యాబ్ మూసేయండి.

కొనేముందు ఊరికే రుచి తెలుసుకోవాలంటే చవక దారి ఉంది. డిమ్ సమ్ వడ్డించే క్యాంటనీస్ హోటల్‌కి వెళ్లి బో లే అని అడగండి, అది ఇదే. నాసిరకమే పోస్తారు చాలాచోట్ల, అయినా మీకు ఈ మట్టి రుచి సరిపడుతుందో లేదో తేలిపోతుంది. సరిపడకపోతే నలభై డాలర్లు మిగిలాయి.

కాచడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. వంద మిల్లీలీటర్ల గైవాన్, అదే మూతా సాసరూ ఉన్న చైనా కప్పు, ఉంటే మంచిది, చిన్న టీపాట్ అయినా సరే. బిళ్ల పక్క నుంచి సన్నని మొనతో పొరలుగా విడదీయాలి, సుత్తి పెట్టి కొడితే పొడైపోయి టీ కటువుగా వస్తుంది (మొన మీ చేతివైపు పెట్టకండి, జారుతుంది). సలసల మరిగే నీళ్లే వాడాలి. మొదటి నీళ్లు పారబోసి, ఆ తర్వాత పది సెకన్లు, పోనుపోను కాస్త కాస్త పెంచుకుంటూ పోవడమే. మరీ బద్ధకంగా ఉంటే ఫ్లాస్కులో మూడు గ్రాములు వేసి వేడి నీళ్లు పోసి ఆఫీసుకి పట్టుకెళ్లండి, షౌకి ఏం కాదు, అదే షెంగ్ అయితే చేదెక్కిపోతుంది.

మిగిలిన బిళ్లని కాగితంలోనే ఉంచి అట్టపెట్టెలో పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, వంటింట్లో అసలు వద్దు, మన పోపు వాసనంతా పీల్చేస్తుంది, అగరొత్తులు, కర్పూరం ఉన్న అల్మరా కూడా పనికిరాదు. కాకినాడ, వైజాగ్ లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు వానాకాలం నాలుగు రోజులకోసారి తీసి చూసుకోవాలి, తెల్ల బూజు చుక్క కనపడితే పొడి గదిలోకి మార్చాలి. ఇక్కడ చలికాలం హీటర్లకి గాలి ఎండిపోతుంది, అందుకు నేను పెట్టెలో తేమ ప్యాకెట్ ఒకటి వేస్తున్నాను.

7572 నచ్చినవాళ్లు తర్వాత పెద్ద బిళ్ల కొనకుండా 25 గ్రాముల శాంపిళ్లు తెప్పించుకోండి. పదేళ్లు దాటిన 7542 ఒకటి, షియాగ్వాన్ గిన్నె ఆకారపు టువో ఒకటి, రెండూ పచ్చి రకమే, షియాగ్వాన్‌ది కొంచెం పొగ వాసనతో, రాయిలా గట్టిగా ఉంటుంది, విడగొట్టడానికి ఓపిక ఉండాలి. నా దగ్గర ఇప్పుడు ఆ టువోనే వచ్చి ఉంది, అది తాగాక దాని సంగతి వేరేగా రాస్తాను.