టైప్ 1 డయాబెటిస్ పాప, ఫ్యామిలీ పాలసీ: ఆరేళ్ల తర్వాత నా అభిప్రాయం

మా పాపకు నాలుగేళ్లప్పుడు టైప్ 1 డయాబెటిస్ బయటపడింది. ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లంగా మారే కీటోయాసిడోసిస్‌తో నేరుగా ఐసీయూ. అప్పటికి ఫ్యామిలీ హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ ఉంది కాబట్టి బిల్లులో ఎక్కువ భాగం వచ్చింది, కాకపోతే నాలుగు నెలలు తిప్పి తిప్పి ఇచ్చారు. కారణం ఒక్క మాట. డిశ్చార్జ్ సమ్మరీలో "రెండు వారాలుగా అతిదాహం" అని ఉండాల్సిన చోట "రెండేళ్లుగా" అని పడింది, దాంతో పాలసీకి ముందే జబ్బుందని కంపెనీ పట్టుకుంది, డాక్టర్ సవరణ లెటర్ రాసిచ్చేదాకా కదల్లేదు. ఇంటికి బయల్దేరే ముందే ఆ కాగితం ప్రతి అక్షరం చదవండి, ఎంత అలసిపోయి ఉన్నా సరే.

అడ్మిషన్ వరకు పాలసీకి మంచి మార్కులే వేస్తాను. కానీ అసలు ఖర్చు ఇంటికొచ్చాకే మొదలైంది. ఇన్సులిన్, సూదులు, షుగర్ చూసే స్ట్రిప్పులు, ఒంటికి అతికించి ఉంచే షుగర్ సెన్సర్లు, మూడు నెలలకోసారి సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, వీటిలో ఒక్కదానికీ మా పాలసీ పైసా ఇవ్వదు.

ఇన్సులిన్ దగ్గర మేం తెలియక చాలా పోగొట్టుకున్నాం. 10 ఎంఎల్ సీసాలో 1000 యూనిట్లు, పాపకు ఒక్కో రకం ఇన్సులిన్ రోజుకు ఐదారు యూనిట్లే, తెరిచాక 28 రోజులకు మించి వాడొద్దన్నారు. అంటే 800 యూనిట్లకు పైగా పారబోయడమే, ప్రతి నెలా ప్రాణం ఉసూరుమనేది. చివరికి డాక్టర్‌ని అడిగితే ఇంజెక్షన్ పెన్‌లో వేసే 3 ఎంఎల్ కార్ట్రిడ్జ్‌కి మార్చారు, అందులో 300 యూనిట్లే. ముందే ఎందుకు అడగలేదా అనిపించింది. డబ్బు లేదని డోసు తగ్గించడం మాత్రం ఎప్పుడూ వద్దు, మళ్లీ ఐసీయూకే పోతారు.

14 రోజుల సెన్సర్ ఏడాది పొడవునా పెట్టే స్తోమత మాకు లేదు. డాక్టర్‌తో మాట్లాడుకుని ఒకటి అయ్యాక రెండు వారాలు స్ట్రిప్పులతో నడుపుతాం, జ్వరం వస్తే మాత్రం సెన్సరే. ఆటల్లో ముందే ఊడిపోతే పారేయకండి, సెన్సర్ కంపెనీకి సీరియల్ నంబర్ చెప్పి అడిగితే మాకు రెండుసార్లు కొత్తది పంపారు.

ఎవరూ లెక్కలో రాయనిది నా జీతం. బడిలో ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు లేక ఏడాదిన్నర ఉద్యోగం మానేశాను, మందులన్నిటి కంటే అదే పెద్ద దెబ్బ. ఇప్పుడు పాప తనే పెన్ వాడుతుంది, నేను మళ్లీ పనికి వెళ్తున్నాను, జీతం పడిన రోజే మందుల డబ్బు వేరే ఖాతాలోకి పోతుంది.

ప్రీమియం ఏటా పెరుగుతోంది. ఒక్కసారి తెగితే కొత్త పాలసీలో ఇది పాత జబ్బు కింద లెక్క, మళ్లీ ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పీరియడ్, అసలు తీసుకుంటారో లేదో కూడా. వచ్చే నెల రెన్యువల్, కడుతున్నాం.